హనీమూన్‌లో కార్ల కోసం మూడు రోజులు అడగడం తప్పా?

గౌతమి గట్టు
అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. శ్రావణంలో పెళ్లి. సెప్టెంబర్ చివర్లో పది రోజులు యూరప్ వెళ్దామని ఇద్దరం అనుకున్నాం. పేచీ ఎక్కడంటే, కార్ల పిచ్చి నాది, ఆయనది కాదు. మా నాన్నకి మెకానిక్ షెడ్డు ఉంది. నాకు ఎక్కాల కంటే ముందు స్పానర్ల సైజులు వచ్చాయి. ఆయనది భీమవరం, రొయ్యల చెరువుల కుటుంబం. కారులో ఏసీ పనిచేస్తే ఆయనకి చాలు. పైగా మారేడుమిల్లి ఘాట్‌లో రెండో మలుపు తిరిగేసరికి కళ్లు తిరుగుతున్నాయంటారు.

ఆయనకి కావాల్సింది స్విట్జర్లాండ్, మంచు. నాకేమో జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని బెంజ్, పోర్షే కార్ల మ్యూజియాలు, వీలైతే నూర్బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్, ఆల్ప్స్‌లో ఒక్క కనుమ రోడ్డయినా సొంతంగా నడపడం. పదిలో మూడు రోజులు అడిగాను. సరే అన్నారు. ఆ సరే ఎలాంటిదో పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా పెద్దమ్మ అయితే "షెడ్డులో పుట్టి హనీమూన్‌కి కూడా షెడ్డుకే వెళ్తానంటావేంటే" అని నవ్వుతోంది. మీరు చెప్పండి, అడగడం తప్పా?

పాలకొల్లు బాబాయ్
తప్పనను గానీ అమ్మాయ్, అనవసరం అంటాను. కార్లు ఎక్కడికీ పోవు. పిల్లలు పుట్టాక వాళ్లని తీసుకెళ్లి చూపించుకోవచ్చు. కొత్తగా పెళ్లయినవాళ్లు తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. నువ్వు రోడ్డు చూసుకుంటూ, అతను వాంతుల కవరు పట్టుకుని కూర్చుంటే అదేం హనీమూన్? బాలీ వెళ్లండి, డ్రైవర్‌ని పెట్టుకోండి, హాయిగా తిరిగి రండి. ఖర్చూ తక్కువే.

రావులపాలెం స్టీరింగ్
బాబాయ్ గారికి ఒక దండం. అక్కా, ఎవరేమన్నా నూర్బుర్గ్‌రింగ్ మాత్రం వదలకండి. 1927లో తెరిచిన ట్రాక్ అది. నార్డ్‌ష్లైఫె అనే పాత చుట్టు 20.8 కిలోమీటర్లు, అంతా అడవి, ఎత్తుపల్లాలు. రేసర్ జాకీ స్టీవర్ట్ దానికి పచ్చ నరకం అని పేరు పెట్టాడు. రేసులు లేని రోజుల్లో టికెట్ కొనుక్కుని మనలాంటి మామూలు జనం కూడా బండి వేసుకుని వెళ్లొచ్చు. ఎయిర్‌పోర్టులో అద్దె కారు తీసుకోండి, ఒక్క రౌండు కొట్టి వచ్చేయండి. ఎవడికి తెలుస్తుంది?

నరసాపురం లేసు
చెల్లీ, నేను అవతలి పక్క మనిషిని. మా ఇంట్లో కార్ల పిచ్చి మా ఆయనది. కాబట్టి మీ ఆయన తరఫున మాట్లాడతాను.

మూడు రోజులు ఎక్కువ కాదు. కానీ ఆ మూడు రోజులూ వరసగా పెట్టావో, నాలుగో రోజు నుంచి నీకు మనశ్శాంతి ఉండదు. ఇష్టం లేని మనిషిని మ్యూజియంలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తిప్పితే మొదటి గంట సరదాగానే ఉంటుంది. తర్వాత బెంచీ ఎక్కడుందా అని వెతుక్కుంటారు. నువ్వు ఒక ఇంజన్ ముందు నిలబడి సిలిండర్లు లెక్కపెడుతుంటే వాళ్లు ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో చూసుకుంటూ ఉంటారు. అందుకని పూటలుగా విడగొట్టు. పొద్దున నీది, మధ్యాహ్నం నుంచి ఇద్దరిదీ.

ఇంకోటి. లూసర్న్ ఎలాగూ వెళ్తారు కదా, అక్కడ సరస్సు పక్కనే స్విస్ రవాణా మ్యూజియం ఉంది. 1959 నుంచీ ఉంది. కార్లే కాదు, రైలింజన్లు, విమానాలు, పడవలు అన్నీ పెట్టారు. ఒక గోడ నిండా అలమరలో సామాన్లు సర్దినట్టు కార్లు పేర్చి ఉంటాయి. ఏ కారు కావాలో చూడ్డానికొచ్చినవాళ్లు ఎంచుకుంటే యంత్రం దాన్ని కిందికి దించి చూపిస్తుంది. కార్లంటే పడనివాళ్లు కూడా అక్కడ నవ్వుతారు.

కనుమ రోడ్డు మాత్రం మానెయ్. ఘాట్ పడని మనిషికి ఆల్ప్స్ మలుపులు చూపించి "బాగుందా" అని అడగడం అన్యాయం. మంచు కావాలంటే యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఉంది. 3,454 మీటర్ల ఎత్తు, పైదాకా పళ్ల చక్రాల రైలు వెళ్తుంది. 1912 నుంచి నడుస్తోంది. పైన ఏడాది పొడుగునా మంచే.

ఆత్రేయపురం టు మన్‌హైమ్
ఉద్యోగం మీద జర్మనీలోనే ఉంటున్నాను కాబట్టి ముందు స్టీరింగ్ తమ్ముడికి జవాబు. ఎవడికి తెలుస్తుంది అనేది చాలా ఖరీదైన మాట తమ్ముడూ. మామూలు అద్దె కార్ల ఒప్పందాల్లో రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లకూడదని రాసే ఉంటుంది. వెళ్లి ఏదైనా తగిలితే ఇన్సూరెన్స్ పలకదు. అక్కడ రెయిలింగ్ వంగితే ఆ రెయిలింగ్ ఖరీదు, బండిని లాగే ఖరీదు, అన్నీ మీ నెత్తినే. ట్రాక్ కోసమే బండ్లు అద్దెకిచ్చేవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల డిపాజిట్లు చూస్తే బంగారం కొన్న ఖర్చు చిన్నదనిపిస్తుంది. అంత ఆశగా ఉంటే అనుభవం ఉన్న డ్రైవర్ పక్కన కూర్చుని ఒక రౌండు వెళ్లి రావచ్చు. కానీ స్టుట్‌గార్ట్ నుంచి అక్కడికి కారులో మూడు గంటలు. హనీమూన్‌లో ఒక రోజంతా దానికే పోతుంది. నా మాట వింటే వదిలేయమంటాను.

గౌతమి గారూ, మీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది బెర్తా బెంజ్. మీలాంటివాళ్లు వెళ్లాల్సిన రోడ్డు ఆవిడదే. భర్త కార్ల్ బెంజ్ 1886 జనవరిలో మోటారు బండికి పేటెంట్ తీసుకున్నాడు గానీ జనం కొనలేదు. గుర్రం లేని బండిని నమ్మేదెవరు? 1888 ఆగస్టులో బెర్తా ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ మూడు చక్రాల బండి మీద బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు. పెట్రోలు బంకు అనేది పుట్టని రోజులు. వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపులో మరకలు తుడవడానికి అమ్మే లిగ్రోయిన్ కొని టాంకులో పోసింది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. ఆ ప్రయాణం తర్వాతే బండికి కొండలెక్కడానికి ఇంకో గేరు పెట్టారు. ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు అంటే అదీ.

ఇంకో సంగతి. 1872లో పెళ్లి కాకముందే, కార్ల్ వ్యాపారం మునిగిపోబోతుంటే తన కట్నం డబ్బులోంచి తీసి పెట్టుబడి పెట్టింది ఈవిడే.

2008లో ఆ దారిని బెర్తా బెంజ్ స్మారక మార్గమని ప్రకటించి బోర్డులు పెట్టారు. రానూపోనూ కలిపి 194 కిలోమీటర్లు. ఆటోబాన్ లాంటి పెద్ద హైవే కాదు, చిన్న ఊళ్లు, ద్రాక్ష తోటలు. ఆ దారిలోనే హైడెల్‌బర్గ్ ఉంది. నెక్కర్ నది, పాత వంతెన, కొండ మీద ఎర్రరాతి కోట. హనీమూన్‌కి అంతకంటే ఏం కావాలి? అక్కడ బస పెట్టండి. ఒక్క రోజుకి అదే ఊళ్లో కారు తీసుకుని, ఓపికున్నంత దూరం వెళ్లి, సాయంత్రానికి అదే ఊళ్లో తిరిగి ఇచ్చేయండి. దేశం దాటించి ఇంకోచోట వదిలితే బాదుడు మామూలుగా ఉండదు. మలుపులు మారేడుమిల్లిలో సగం కూడా ఉండవు కాబట్టి మీ ఆయనకీ ఇబ్బంది లేదు. పక్కనే జిన్స్‌హైమ్‌లో ఇంకో మ్యూజియం ఉంది. దాని కప్పు మీద శబ్దం కంటే వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానం, అలాంటిదే రష్యావాళ్ల టుపలేవ్ 144 పక్కపక్కనే ఉంటాయి. రెండింటిలోకీ ఎక్కి చూడొచ్చు.

పాలకొల్లు బాబాయ్
కట్నం డబ్బుతో మొగుడి కంపెనీ నిలబెట్టిందా! బాబూ, ఈ కథ మా వైపు ఎక్కడా చెప్పకు. రేప్పొద్దున ప్రతి పెళ్లికొడుకూ నాకూ ఒక పేటెంట్ ఉందని బయల్దేరతాడు.

సరే, హైడెల్‌బర్గ్ వరకు ఒప్పుకుంటాను. నది ఉంది, కోట ఉంది, బాగానే ఉంది. కానీ కుడిపక్క నడిచే దేశంలో, ఎడమపక్క స్టీరింగ్‌తో, పెళ్లయిన నెలలో కొత్త ప్రయోగాలు దేనికి? చిన్న గీత పడినా ఇద్దరి మధ్య మొదటి గొడవ అదే అవుతుంది.

రావులపాలెం స్టీరింగ్
ట్రాక్ సంగతి ఒప్పుకున్నాను. కానీ లేసు అక్క కనుమ రోడ్డు కొట్టేయడం నాకు నచ్చలేదు. సెప్టెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని ఫుర్కా, గ్రిమ్జెల్, జూస్టెన్ కనుమలు మూడూ తెరిచే ఉంటాయి. మాఘంలో పెళ్లి చేసుకుని వెళ్లేవాళ్లకి ఆ భాగ్యం లేదు, అప్పుడు మంచుతో మూసేసి ఉంటాయి. ముహూర్తం ఇంత బాగా కుదిరాక ఫుర్కా 2,429 మీటర్ల పైదాకా వెళ్లకుండా రైలెక్కి రావడమా? ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి, పొట్ట నిండా తిననివ్వకండి, నెమ్మదిగా నడపండి.

నరసాపురం లేసు
నెమ్మదిగా నడిపితే నీకు సరదా ఏముంటుంది తమ్ముడూ? గట్టిగా నడిపితే ఆయన పని అయిపోతుంది. ఎటు చూసినా ఒకరికి నష్టమే.

ఆత్రేయపురం టు మన్‌హైమ్
బాబాయ్ గారి భయం కొంత నిజమే. కుడిపక్క నడపడం గంటలో అలవాటవుతుంది గానీ, రౌండబౌట్ దగ్గరా, ఖాళీ రోడ్డు మీద ఎడమకి తిరిగేటప్పుడూ చెయ్యి పాత అలవాటుకి పోతుంది. ఆటోమేటిక్ కారే అడగండి, కుడిచేత్తో గేర్లు వెతుక్కునే టెన్షన్ ఉండదు. ముందే చెప్పకపోతే మాన్యువల్ అంటగడతారు.

ఎప్పటికైనా స్విస్ కనుమలకి వెళ్లేవాళ్లకి ఒక మాట. ఇరుకు కొండ రోడ్డు మీద రెండు కార్లు ఎదురైతే మామూలుగా దిగేవాడు ఆగి దారివ్వాలి, అవసరమైతే వెనక్కి తీయాలి. పసుపు రంగు పోస్టు బస్సు వస్తే మాత్రం దానిదే రాజ్యం. మలుపు అవతల మూడు స్వరాల హారన్ వినిపిస్తే అక్కడే చోటు చూసుకుని ఆగిపోవాలి.

గౌతమి గట్టు
వెనక్కి తీయడం నాకు కొత్త కాదండి. కాలువ గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టర్ ఎదురొస్తే, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేను, అద్దంలో చూసుకుంటూ వంతెన దాకా వెనక్కే వెళ్లాలి. ట్రాక్టరువాడు వెనక్కి తీయడు కదా. అందుకే ఆ పసుపు బస్సు సంగతి చదివి నవ్వొచ్చింది.

ఈ చర్చంతా ఆయనకి చూపించాను. బెర్తా కథ మొత్తం చదివి, బ్రేకు చెక్కలకి తోలు వేయించడం దగ్గర ఆగి "పుట్టింటికి వెళ్లడానికి ఇంత కష్టపడిందా" అన్నారు. కాంకార్డ్ బొమ్మ చూశాక జిన్స్‌హైమ్ ఎన్ని గంటలు పడుతుందని ఆయనే అడిగారు. కాబట్టి హైడెల్‌బర్గ్ ఖాయం, ఒక రోజు కారు ఖాయం, స్టుట్‌గార్ట్‌కి రైలు. నూర్బుర్గ్‌రింగ్ తీసేశాను. కనుమ కూడా ఈసారికి వదిలేస్తున్నాను. స్టీరింగ్ తమ్ముడు తిట్టుకోవచ్చు. తర్వాత యుంగ్‌ఫ్రావ్‌యోక్, లూసర్న్ ఆయన ఇష్టప్రకారం. జర్మనీ అయిదు, స్విట్జర్లాండ్ అయిదు రోజులు. వీసా ఎవరి దగ్గర పెట్టాలి?

రావులపాలెం స్టీరింగ్
తిట్టుకుంటున్నాను. సెప్టెంబర్‌లో ఫుర్కా వదిలేసినవాళ్లతో నాకు మాటల్లేవు.

పాలకొల్లు బాబాయ్
నా లెక్కలో కార్లకి ఒకటిన్నర రోజు చాలు. అయినా అల్లుడే ఒప్పుకున్నాక నాదేముంది.

ఆత్రేయపురం టు మన్‌హైమ్
రెండూ షెంగెన్ దేశాలే, ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఎక్కడుంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానిది, అంటే మీకు జర్మనీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉన్నా పర్వాలేదు, వీసా, టికెట్, పాస్‌పోర్టు మూడింట్లో ఒకే పేరు ఉంటే చాలు. పెళ్లి హడావుడిలో పేరు మార్పు పెట్టుకోకండి.

ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. అది మీ పేరు మీదే, ఎందుకంటే నడిపేది మీరే. కారు అద్దెకి ఇచ్చే క్రెడిట్ కార్డు కూడా మీ పేరు మీదే ఉండాలి. డిపాజిట్ కింద కొంత సొమ్ము అందులో ఆపి ఉంచుతారు, మీ ఆయన కార్డిస్తే కౌంటర్ దగ్గర కారు ఇవ్వకపోవచ్చు. స్టుట్‌గార్ట్‌కి సోమవారం మాత్రం వెళ్లకండి, బెంజ్, పోర్షే మ్యూజియాలు రెండూ ఆ రోజు మూసేస్తారు.