యాదృశం పుస్తకం దృష్ట్వానా, దృష్టమా? గొలుసుకట్టులో ఆ ఒక్క అక్షరం

బండిరా: తాళపత్రాల చివర లేఖకులు రాసుకునే శ్లోకం ఒకటి తల తినేస్తోంది.

యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా
అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న...

చూసిన పుస్తకం ఎలా ఉందో అలాగే రాశాను, తప్పైనా ఒప్పైనా దోషం నాది కాదు అని భావం. ఇక్కడ ఆగిపోతుంది. విద్యతేనా, దీయతేనా? పోనీ మొదటి పాదమైనా గట్టిగా ఉందా అంటే, "పుస్తకే దృష్టం" అని కూడా ఎక్కడో చదివిన గుర్తు. దృష్ట్వా అంటే చూసి, దృష్టం అంటే చూడబడినది. గొలుసుకట్టులో, కలం ఎత్తకుండా, ష్ట్వా పక్కన ష్టం రాసి చూడండి. కవలల్లా వస్తాయి. తేడా పుట్టింది అక్కడేనేమో అని అనుమానం.

నకారపొల్లు: విద్యతే, దీయతే రెండూ ప్రచారంలో ఉన్నవే. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు తీర్పు చెప్పదు: న-వి-ద్య-తే, న-దీ-య-తే రెండూ ల-గ-ల-గ. అర్థంలోనే తేడా. మొదటిది "నాలో దోషం లేదు", రెండోది "నా మీద దోషం వెయ్యకూడదు". లేఖకుడి గొంతుకు రెండోదే నప్పుతుంది. అయితే ఇది కంటి పొరపాటు కాదు. "విద్య", "దీయ" ఎంత గొలుసుగా రాసినా ఒకదానిలా ఒకటి కనబడవు. నోటి మీద మారిన పాఠమది. దృష్ట్వా, దృష్టం సంగతి వేరు.

క్రావడి: వేరే. ష్ట్వాలో చిక్కంతా వరుసలో ఉంది. పైన ష, కుడివైపు దీర్ఘం, కింద ట వత్తు, దాని కింద వ వత్తు. వత్తులు ముందు వేస్తే కలం అట్టడుగున తేలుతుంది, దీర్ఘం కోసం మళ్లీ పైకి ఎక్కాలి, గొలుసు తెగుతుంది. దీర్ఘం ముందు వేస్తే దాని తోకను కిందికి దించి ట చుట్టి, అదే ఊపులో వ ముగించవచ్చు. కాకపోతే ఆ దించిన గీత ట వత్తుకు ఎడమ నుంచి తగలాలి. కుడి నుంచి తగిలితే ట నోరు మూసుకుపోయి ఠ లాగా గుండ్రమవుతుంది. "కష్టం" రాయబోతే "కష్ఠం" వచ్చేది అలాగే.

ఇక ష్టంలో సున్నను వాలుగా, కాస్త కిందికి పెట్టే చేతులున్నాయి. ట వత్తు పక్కన దిగిన సున్నకు చిన్న తోక తగిలిందంటే అది వ వత్తే. చదివేవాడు "ష్ట్వ" అనుకుంటాడు, సంస్కృతం తెలిసినవాడైతే దీర్ఘం తనే ఇచ్చేస్తాడు. కాబట్టి నా ఓటు: అసలు దృష్టం, చేతిరాతలో పుట్టింది దృష్ట్వా.

నకారపొల్లు: తిరగేసి చెప్పినా అంతే బలంగా ఉంటుంది కదా క్రావడి గారూ? మూడంతస్తుల అక్షరంలో అడుగు అంతస్తు ఎగిరిపోవడం మామూలు. పై వరుస వత్తులు, కింది వరుస గుడులు ఢీకొనే చోట ముందు బలయ్యేది రెండో వత్తే. పైగా తెలుగువాడు "పుస్తకాన్ని చూసి రాశాను" అనుకుంటాడు, ఆ "చూసి" నోట్లో ఉన్నవాడికి దృష్ట్వా సహజంగా వస్తుంది.

అరసున్న: మీరు ష్ట దగ్గరే కూర్చున్నారు. మూడో పాదం చూడండి, అబద్ధం. ఇక్కడ "బొంకు" అని కాదు అర్థం, పొందిక లేనిది, తప్పు అని. ఈ ద్ధను సరిగ్గా రాసేవాళ్లు అచ్చులోనే తక్కువ. ఇక గొలుసుకట్టులో అడగాలా? ఒత్తు గీత విడిగా గీయాల్సినది. చెయ్యి ఎత్తనని ఒట్టు పెట్టుకున్న రాతలో మొదట రాలిపోయేది అదే. ధ ద అవుతుంది, భ బ అవుతుంది. సందర్భం చూసి చదువుకోవాల్సిందే. ద్ధలో మరీ ఘోరం: గీత ఉండవలసింది కింది ధ వత్తుకు, చోటు లేక పై దకు అంటుకుంటుంది, "అబధ్దం" తయారు. మందు ఒకటే. వత్తును సగం సైజుకు కుదించి, అది ముగిసిన బిందువు నుంచే గీతను నిట్టనిలువుగా జార్చాలి. మళ్లీ వచ్చి పెడదాంలే అనుకుంటే పెట్టరు.

వలపలగిలక: థ, ధ కూడా కలపండి. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం, తేడా పొట్టలోని చుక్క. చుక్కకూ కలం ఎత్తాలి. అందుకే పాత లెక్కల కాగితాల్లో "అర్ధ" కనబడితే అంకె దొరికేదాకా నమ్మకూడదు.

రేఫ (ర్) విషయంలో మాత్రం పాతవాళ్లే తెలివైనవాళ్లు. ధర్మలో ర కింద మ వత్తు దించకుండా, ధ తరవాత మ రాసి దాని కుడి పక్కన ర్‌కు గుర్తుగా వలపలగిలక పెట్టారు: ధమ౯. గొలుసు వరుస మీదే సాగుతుంది. "ఊర్ధ్వ" లాంటి మాటలో ఒక అంతస్తు కలిసొస్తుంది. ఇప్పటివాళ్లు దాన్ని ఎందుకు వదిలేశారో అర్థం కాదు.

క్రావడి: తొమ్మిదిలా ఉంటుంది కనుక వదిలేశారు! ఇక్కడ టైపు చెయ్యడానికి మీరు వాడిందీ తెలుగు తొమ్మిదే కదా. పక్కన అంకెలుండే లెక్కల కాగితంలో "వగ౯" అని రాస్తే వర్గమా, "వగ" తొమ్మిదా?

వలపలగిలక: అంకె వరుస మీద నిలబడుతుంది, వలపలగిలక ముందు అక్షరానికి ఆనుకుని ఉంటుంది. ఆనించకపోవడం రాసేవాడి తప్పు.

అరసున్న: ఆనించితే మ తోకలో కలిసిపోతుంది, ఆనించకపోతే తొమ్మిది. బాగుంది. నా సిద్ధాంతం ఇంకొకటి: అమ్మను "అంమ" అని రాసే పాత అలవాటు కూడా గొలుసుకట్టు పుణ్యమే. వత్తుకు దిగి ఎక్కడం కన్నా సున్న చుట్టి ముందుకు పోవడం తేలిక.

నకారపొల్లు: "పుణ్యమే" అన్నారు కనుక చెబుతున్నా, విజయనగర కాలపు రాతి శాసనాల్లో "పుంణ్యకాలమందు" అని ఉంటుంది. రాతి మీద ఉలికి గొలుసు ఎక్కడిది అరసున్న గారూ? పైగా అక్కడ సున్నతో పాటు వత్తు కూడా ఉంది. శ్రమ తగ్గలేదు, పెరిగింది.

అరసున్న: శాసనానికి ముందు ఎవరో ఆకు మీదో కాగితం మీదో రాసిచ్చి ఉంటారుగా. సరే, వదిలేయండి.

బండిరా: నా ష్ట్వా...

క్రావడి: వస్తున్నా. కంటి పొరపాట్ల మాట వచ్చింది కనుక వేమన్నను పిలవక తప్పదు.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడఁ జూడ రుచుల జాడ వేరు

ఒక్క పోలిక అని చెప్పే పద్యంలోనే తెలుగు రాతలోని పోలిక తగాదా ఉంది: ప్పు. ప, వలకు కొమ్మును పక్క నుంచి లాగకూడదు. పక్క నుంచి లాగితే వు మ అవుతుంది, పు ఘ మొహం పెడుతుంది. అందుకే వాటి కొమ్ము అడుగు నుంచి మొదలై కుడివైపు పైకి లేస్తుంది. కానీ ప్పులో ఆ అడుగునే ప వత్తు కూర్చుంది. ఇద్దరికీ ఒకే చోటు. రాసే వరుస ఇది: ప, వెంటనే కొమ్ము, కొమ్ము పైకి లేచాక కలం ఎత్తి వత్తు. ఎత్తనంటే వత్తును కుడివైపు జరిపి కొమ్ము వంపులో ఇరికించాలి. అప్పుడది "ప్పు"గానే చదవబడుతుంది, అందంగా మాత్రం ఉండదు. "కప్పు", "చెప్పుము" రాసి చూడండి. రెండో దాంట్లో పు తరవాత ము వస్తుంది, మ కొమ్ము మామూలుగా పక్క నుంచే. చెయ్యి రెండు అలవాట్ల మధ్య తడబడుతుంది.

వలపలగిలక: "రుచులు జాడ వేరు" కదా? చిన్నప్పటి నుంచి నోట్లో ఉన్నది అదే.

నకారపొల్లు: రుచుల. షష్ఠి. "రుచులు జాడ వేరు" అంటే అన్వయం ఏది?

వలపలగిలక: ఛందస్సు ఒప్పుకుంటుందిగా.

నకారపొల్లు: అదే చిక్కు. ఆటవెలది రెండో పాదం, అయిదు సూర్యగణాలు: చూడఁ, జూడ, రుచుల, జాడ, వేరు. మూడోది నగణం, ల ఉన్నా లు ఉన్నా మూడు లఘువులే. చూడ-జాడ ప్రాసయతి ఈ గణాన్ని తాకనే తాకదు. ఛందస్సు మళ్లీ చేతులెత్తేసింది.

అరసున్న: "చూడ"ను ద్రుతంతో, అంటే ఇక్కడ అరసున్నతో, రాసినందుకు క్రావడి గారికి దండం. కొందరు "చూడ చూడ" అని కొట్టి పారేస్తున్నారు.

క్రావడి: ఈ "లు" ఎక్కడి నుంచి వచ్చిందో గొలుసుకట్టు చెబుతుంది. ల కుడి కొస పైకి లేచి ముగుస్తుంది. తరవాతి జ అందుకోవడానికి అక్కడి నుంచి ఒక లంకె గీత వంగుతుంది. ఆ వంపే కొమ్ములా కనబడుతుంది. ల, త, క తరవాత లంకెను చదునుగా, అక్షరం నడుము ఎత్తులో లాగాలి. పైకి లేపి దించితే లేని కొమ్ము మొలుస్తుంది. బ్రౌను 1829లో వేమన పద్యాలు అచ్చువేసే ముందు పోల్చి చూసిన ప్రతుల్లో ఇలాంటి మొలకలు తగిలి ఉంటాయనే నా ఊహ.

నకారపొల్లు: ఊహ అని మీరే అన్నారు, బతికిపోయాం. పాడుకునే పద్యానికి చెవి కూడా కారణం కావచ్చు. రుచుల, రుచులు వేగంగా అంటే తేడా ఎంత?

బండిరా: అందరికీ దండాలు. దీయతే అని రాసుకుంటున్నా. దృష్ట్వా మాత్రం తేలలేదు. ఇంకొకటి, క్రావడి గారి పేరే ఉంది కనుక: క్రావడిని, అంటే ర వత్తును, గొలుసులో ఎలా కలుపుతారు? ఎడమ నుంచి మొదలుపెడితే కలం ఎత్తక తప్పడం లేదు.

క్రావడి: ముందు క్రావడి, తరవాత అక్షరం. అడుగున కుడి నుంచి మొదలుపెట్టి ఎడమకు తిప్పి, పక్క నుంచి పైకి ఎక్కి, అదే ఊపులో అక్షరంలోకి దిగండి. ప్ర, క్ర, గ్ర ముత్యాల్లా వస్తాయి.

అరసున్న: "స్త్రీ" రాసి చూపించండి.

క్రావడి: దానికి ఎత్తాలి.

నకారపొల్లు: పుస్తకంలోని స్త సంగతి ఎవరూ ఎత్తరేం? గొలుసులో త వత్తు మెలిక సాగిందంటే న వత్తే. "యాదృశం పుస్నకం" అని చదివినవాడికి ముందు అది తేలాలి, తరవాత కదా దృష్ట్వా.