ఇంటి వర్క్‌షాప్‌కి ఏ క్యాడ్? ఊరికే ఇచ్చేదా, మన చేతిలో ఉండేదా?

సాయంకాలం_ఫిట్టర్

పగలు ఆఫీసు, సాయంత్రం షెడ్డు. చిన్న లేత్, డ్రిల్ స్టాండ్ ఉన్నాయి, ఈమధ్యే త్రీడీ ప్రింటర్ కూడా చేరింది. ఇన్నాళ్లూ గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుని పని కానిచ్చేవాణ్ణి. ప్రింటర్‌కి పెన్సిల్ గీతలు అర్థం కావు కాబట్టి క్యాడ్, అంటే కంప్యూటర్‌లో వస్తువుల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, నేర్చుకోక తప్పేలా లేదు. ముందు ముందు చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే యంత్రం) కట్టుకోవాలని కూడా ఉంది.

ఎవర్ని అడిగినా ఒక్కో పేరు చెబుతున్నారు. ఒకరు ఫ్యూజన్ అంటారు, ఒకరు ఆన్‌షేప్ అంటారు, ఇంకొకరి ముందు ఫ్రీక్యాడ్ తప్ప వేరే పేరెత్తితే కోపం. నేను అమ్మకానికి ఏమీ చేయను. ఒకసారి కొని మర్చిపోయేదైతే ఆలోచిస్తాను, నెలనెలా కట్టేది మాత్రం వద్దు. అసలు సందేహం డబ్బు గురించి కూడా కాదు. నేర్చుకోవడానికి నావి ఆరు నెలల సాయంత్రాలు పోతాయి. అవి బూడిదలో పోసిన పన్నీరు కాకుండా ఉండాలంటే ఎక్కడ పెట్టాలి?

జీరో_పాయింట్

ఫ్యూజన్. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

మోడల్ గీయడం, దాన్నే జి-కోడ్‌గా (యంత్రానికి ఎటు కదలాలో చెప్పే ఆదేశాలుగా) మార్చడం రెండూ ఒకే చోట అయిపోతాయి. సొంత వాడకానికి, వ్యాపారం కాని పనికి లైసెన్సు ఉచితం. ఎక్కడ ఇరుక్కున్నా ఎవరో ఒకరు వీడియో పెట్టే ఉంటారు. ఒకేసారి మార్చుకోగలిగే డాక్యుమెంట్లు పదే అని భయపెడతారు, పట్టించుకోకండి. మిగతావి చదవడానికి మాత్రమే అన్నట్టు పక్కన పెట్టుకోవచ్చు, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఒకేసారి పది వస్తువుల మీద పని చేసే మనిషిని మన షెడ్లలో నేనింతవరకు చూడలేదు.

లేత్_మామ

పదిని పక్కన పెట్టు బాబూ. ఆ పది ఎప్పుడొచ్చిందో కొత్తాయనకి చెప్పు.

2020 సెప్టెంబరులో ఫ్యూజన్ కంపెనీ ఆటోడెస్క్ ఈ ఉచిత లైసెన్సు నిబంధనలు మార్చింది. అంతకుముందు ఈ పది అనే హద్దు లేదు. స్టెప్ ఫైలుగా (వేరే క్యాడ్‌లలోనూ తెరుచుకునే రకం) బయటికి తీసుకునే వీలు కూడా తీసేస్తామన్నారు. జనం గోల పెట్టాక అది ఉంచారు. సీఎన్‌సీ వాడేవాళ్లకి రాపిడ్ కదలికలు పోయాయి. టూలు గాల్లో ఖాళీగా వెళ్లేటప్పుడు కూడా చెక్క కోస్తున్న వేగంతోనే నడుస్తుంది. టూలు దానంతట అదే మారే సదుపాయమూ పోయింది.

అదే కంపెనీ 123డి డిజైన్ అని ఉచితంగా ఒకటి ఇచ్చి 2017లో మూసేసింది. వాళ్లొక్కరే అనడం లేదు. స్కెచ్‌అప్ కంప్యూటర్‌లో వేసుకునే ఉచిత వెర్షన్ 2017తో ఆగింది, ఆ తర్వాత ఉచితమంటే బ్రౌజర్‌లోదే. డ్రాఫ్ట్‌సైట్ ఉచిత వెర్షన్ 2019 ఆఖరుతో పోయింది. ఊరికే ఇచ్చినవాడు ఊరికే తీసుకోగలడు. దాన్ని మోసం అనను, వాడి వస్తువు వాడిష్టం. కానీ నా ఆరు నెలలు వాడి ఇష్టం మీద ఎందుకు పెట్టాలి?

నా పాత హార్డ్ డిస్కులో నలభై దాకా ఫైళ్లున్నాయి. ఏ ప్రోగ్రాంతో గీశానో పేరు చెప్పను. ఇవాళ వాటిని తెరిచేది ఏదీ నా దగ్గర లేదు. వైస్ దవడల కొలతలు మళ్లీ కాలిపర్ పెట్టి తీసుకున్నాను.

జీరో_పాయింట్

మామా, స్టెప్ ఉంది కదా! పని అయిపోగానే స్టెప్‌గా ఒక కాపీ తీసి పెట్టుకుంటే దాదాపు ఏ త్రీడీ క్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది. ఐఎస్ఓ 10303 ప్రమాణం అది, ఒక కంపెనీ సొత్తు కాదు. ఆ నలభై ఫైళ్లకి ఆ రోజు అది చేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

లేత్_మామ

ఆకారం తెరుచుకుంటుంది, ఆలోచన తెరుచుకోదు. గోడ 3 మి.మీ. ఉంది, 4 చేద్దామంటే స్టెప్‌లో ఆ 3 ఎక్కడా రాసి ఉండదు. ఏ స్కెచ్ నుంచి ఏది పుట్టిందో ఆ వరస మొత్తం పోతుంది. గట్టిపడిన సిమెంటు చేతికిచ్చి ఇసుక ఎంత కలిపారో చెప్పమన్నట్టు ఉంటుంది. ప్రింటర్‌కి ఇచ్చే ఎస్‌టీఎల్ ఫైలైతే మరీ ఘోరం, అన్నీ త్రికోణాలే, అందులో మి.మీ.లో అంగుళాలో కూడా రాసి ఉండదు.

అయినా స్టెప్ తీసి పెట్టుకోవాలన్న మాట ఒప్పుకుంటాను. ఏమీ లేనిదానికన్నా వెయ్యి రెట్లు నయం.

చెక్కపొట్టు

నేను బల్లలు, అరలు చేసేవాణ్ణి. స్కెచ్‌అప్ బ్రౌజర్ వెర్షన్ చాలు నాకు. గీయడం, కొలవడం, కోయడం. ఒక కొలత మారిస్తే బొమ్మంతా మారే పారామీటర్లు గీరామీటర్లు ఏమీ తెలియవు, ఇంతవరకు ఒక్క బల్ల కూడా కుంటలేదు.

లేజర్ కటింగ్‌కి ఇచ్చేది ఉత్త ప్లేటే అయితే త్రీడీ దాకా పోనే అక్కర్లేదు. లిబ్రేక్యాడ్ అనే టూడీ ప్రోగ్రాంలో గీసి డీఎక్స్‌ఎఫ్ ఫైలు ఇస్తే సరి.

నట్టు_బోల్టు

ఫ్రీక్యాడ్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతాను. ఇది ఓపెన్ సోర్స్, అంటే ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, ఉచితం. పదేళ్లుగా తిట్టుకుంటూనే వాడుతున్నాను.

దీన్ని వదిలేసినవాళ్లలో చాలామందికి విసుగు ఒకేచోట పుట్టింది. ఎల్ ఆకారపు బ్రాకెట్ ఒకటి అనుకోండి. స్కెచ్ గీశారు, 5 మి.మీ. మందం ఇచ్చారు, పై అంచు చేతికి గుచ్చుకోకుండా ఫిలెట్ వేశారు, అంటే గుండ్రం చేశారు. ప్రోగ్రాం తన లెక్కలో ఆ అంచుని పన్నెండో అంచు అని రాసుకుంటుంది. వారం తర్వాత మీరు మొదటి స్కెచ్‌కి వెళ్లి ఒక మూల గాడి పెట్టారు. గాడి వల్ల కొత్త అంచులు పుట్టాయి, నంబర్లు జరిగాయి. పాత పన్నెండు ఇప్పుడు పదిహేను. కొత్త పన్నెండు ఎక్కడో అడుగున ఉంది. ఫిలెట్ వెళ్లి అక్కడ కూర్చుంటుంది, లేదంటే ఎర్ర గుర్తు పెట్టి ఆగిపోతుంది. దాని మీద ఆధారపడినవన్నీ వరసగా కూలతాయి. దీనికి టోపోలాజికల్ నేమింగ్ సమస్య అని పేరు. పేరు పెద్దదే, జరిగేది మాత్రం తాళాలు మార్చకుండా ఇంటి నంబర్లు మార్చడం లాంటిది.

2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో దీన్ని చాలావరకు సర్దారు. పూర్తిగా పోయిందని అనను, కానీ పాత కాపురాలు కూల్చే స్థాయిలో లేదు. భాగాల్ని కలిపి చూసే అసెంబ్లీ కూడా ఆ వెర్షన్ నుంచే లోపల ఉంది, అంతకుముందు ఏ యాడాన్ మంచిదో వెతుక్కోవాల్సి వచ్చేది. 0.18, 0.19 రోజుల్లో చూసి వదిలేసినవాళ్ల మాట ఇప్పుడు లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పటికీ నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఫిలెట్లు, చాంఫర్లు (అంచుని ఏటవాలుగా కోయడం) అన్నిటికన్నా ఆఖర్న. కొత్త స్కెచ్‌ని వస్తువు ముఖం మీద కాకుండా, ఎప్పుడూ మారని ఆధార తలాల (ఎక్స్‌వై, ఎక్స్‌జెడ్ లాంటివి) మీద నిలబెట్టడం. ముఖ్యమైన కొలతలు లోపలి స్ప్రెడ్‌షీట్‌లో పేర్లతో రాసుకోవడం. ఇలా చేస్తే పాత వెర్షన్‌లో కూడా పెద్దగా విరగలేదు నాకు.

జీరో_పాయింట్

అంటే ప్రోగ్రాంకి నొప్పి తగలకుండా మనం మెత్తగా నడవాలన్నమాట. ఫ్యూజన్‌లో నాకు నచ్చిన అంచు మీద ఫిలెట్ వేస్తాను, నచ్చినప్పుడు.

నట్టు_బోల్టు

వేయండి. ఇంత మెత్తగా నడవడం అక్కడ అక్కర్లేదు, నిజమే. అయితే ఫిలెట్లు ఆఖర్న వేయమని ఏ క్యాడ్‌లో అయినా అనుభవజ్ఞులు చెప్పే మాటే.

బ్రాకెట్_రాణి

ఆన్‌షేప్‌ని అందరూ మర్చిపోయారా? నా ల్యాప్‌టాప్ పాతది, అందులో లినక్స్. ఫ్యూజన్‌కి అధికారికంగా లినక్స్ వెర్షన్ లేదు. ఆన్‌షేప్ బ్రౌజర్‌లో నడుస్తుంది, ఏమీ వేసుకోనక్కర్లేదు. సోఫాలో కూర్చుని ట్యాబ్‌లో కూడా గీశాను. సాలిడ్‌వర్క్స్ అనే పేరున్న క్యాడ్ మొదలుపెట్టినవాళ్లే దీన్నీ మొదలుపెట్టారు, అందుకే చేతికి వెంటనే అలవాటవుతుంది. 2019లో పీటీసీ అనే కంపెనీ కొనేసింది దీన్ని.

ఉచిత ఖాతాలో గీసినవన్నీ అందరికీ కనబడతాయి, అదీ షరతు. అందరూ దాన్ని పట్టుకుని భయపెడతారు. చూడనివ్వండి! నేను గీసింది కుక్కర్ మూత పిడి. దాన్ని దొంగిలించి ఎవరు కోటీశ్వరులవుతారు?

లేత్_మామ

పిడి సరే తల్లీ. రేపు నీకే మంచి ఆలోచన వచ్చి నలుగురికి అమ్ముదామనిపిస్తే? ఉచిత ఖాతా వ్యాపారానికి పనికిరాదు, గీసింది అప్పటికే అందరి కళ్లముందూ ఉంటుంది, ఎవరైనా కాపీ తీసుకోవచ్చు.

బ్రాకెట్_రాణి

అమ్మేంత ఆలోచన వస్తే ఆ రోజు డబ్బు కడతానండీ. రాని ఆలోచన కోసం ఇవాళ్టి సాయంత్రం పాడు చేసుకోలేను. మీరు చెప్పే స్వాతంత్ర్యం నాకూ ఇష్టమే, కానీ నాకు దొరికేది రోజుకి గంట. ఆ గంటలో వస్తువు తయారవ్వాలి, సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ కాదు.

సెమీకోలన్

ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఓపెన్‌స్కాడ్ చూడండి. మౌస్‌తో గీయడం ఉండదు, పెట్టె ఇంత, అందులోంచి ఇంత సిలిండరు తీసేయి అని రాయడమే. ఫైలు ఉత్త టెక్స్ట్, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. మామ గారి నలభై ఫైళ్ల కష్టం దీనికి ఎప్పటికీ రాదు.

లోపాలు కూడా చెప్పాలి కదా. గుండ్రటి అంచులు వేయాలంటే చుక్కలు కనిపిస్తాయి. పైగా స్టెప్ ఇవ్వదు.

కొని_మర్చిపో

కొనేదాని గురించి అడిగారు, ఎవరూ జవాబివ్వలేదు. అలిబర్ వాళ్ల ఆటమ్ త్రీడీ ఒకసారి కొంటే ఆ వెర్షన్ మీదే, చందా లేదు. ఇంట్లో లేత్ పెట్టుకున్నవాళ్లలో దీనికి మంచి పేరుంది. విండోస్‌లోనే నడుస్తుంది, సీఎన్‌సీకి జి-కోడ్ కోసం వేరేది చూసుకోవాలి. ప్లాస్టిసిటీ కూడా ఒకసారి కొనేదే, చేతికి చాలా చురుకు. కానీ అందులో కొలత మార్చితే వెనక నుంచి అన్నీ మారే వరస ఉండదు, యంత్రాల భాగాలకి నేనైతే తీసుకోను.

సాలిడ్‌వర్క్స్ మేకర్స్ వెర్షన్ ఏటేటా కట్టేది కాబట్టి మీ లెక్కలో ఎగిరిపోయింది. సీమెన్స్ సాలిడ్ ఎడ్జ్ కమ్యూనిటీ వెర్షన్ ఉచితం, చాలా పెద్ద సరుకు. ఈ రెంటిలోనూ గీసిన ఫైళ్లు వాటి అసలు వాణిజ్య వెర్షన్లో తెరుచుకోవు. ఆఫీసులో ఒకసారి చూసుకుందాం అనుకునేవాళ్లు ముందే తెలుసుకోండి.

సాయంకాలం_ఫిట్టర్

పది రోజుల తర్వాత వస్తున్నాను. వాదన వినడం కన్నా చేసి చూడడం మేలనిపించి, ఒకే వస్తువుని ఫ్యూజన్‌లో, ఆన్‌షేప్‌లో, ఫ్రీక్యాడ్‌లో గీశాను. లేత్ క్రాస్ స్లైడ్‌కి పిడి. 10 మి.మీ. షాఫ్టు దూరే రంధ్రం, పక్కనుంచి గ్రబ్ స్క్రూ (షాఫ్టుని బిగించే తల లేని స్క్రూ), చుట్టూ వేళ్లు పట్టేలా ఎనిమిది గాళ్లు.

ఫ్యూజన్‌లో నలభై నిమిషాల్లో అయిపోయింది, అబద్ధమెందుకు. ఆన్‌షేప్‌లో ఇంచుమించు గంట. ఫ్రీక్యాడ్‌లో రెండు సాయంత్రాలు. అందులో ఒక సాయంత్రం మొత్తం బాడీ అంటే ఏమిటి, పార్ట్ అంటే ఏమిటి అన్నదానికే పోయింది. స్కెచ్‌ని బాడీ బయట గీసి, దానికి మందం ఇచ్చే ప్యాడ్ బటన్ ఎందుకు పనిచేయదని దాన్నే చూస్తూ కూర్చున్నాను. వర్క్‌బెంచ్‌లు (పనిని బట్టి మార్చుకునే టూల్ సెట్లు) అన్ని పెట్టాల్సిన పనేముంది అనిపించింది.

తర్వాత మామ గారి మాట గుర్తొచ్చి మూడింటిలోనూ షాఫ్టుని 10 నుంచి 12కి, గాళ్లని ఎనిమిది నుంచి పదికి మార్చాను. మూడూ మారాయి. ఫ్రీక్యాడ్ 1.0లో ఫిలెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, నట్టు_బోల్టు గారి పద్ధతి పాటించినందుకో, వెర్షన్ మహిమో తెలియదు.

చివరికి ఫ్రీక్యాడ్‌లోనే ఉండిపోదామనుకుంటున్నాను. షెడ్డులో ఇంటర్నెట్ అందదు, అదొక కారణం. రెండోది, నా లేత్ నాకన్నా పెద్దది వయసులో. దాని కోసం గీసిన బొమ్మ పదేళ్ల తర్వాత కూడా తెరిచి ఒక అంకె మార్చగలగాలి.

జీరో_పాయింట్

రౌటర్ వచ్చాక మళ్లీ మాట్లాడుకుందాం అన్నా. ఫ్రీక్యాడ్‌లో క్యామ్ (జి-కోడ్ తయారుచేసే భాగం) ఉంది, కాదనను, కానీ ఆ రెండు సాయంత్రాలు అక్కడ రెండు వారాలవుతాయి. ఫ్యూజన్ ఖాతా మాత్రం తీసేయకు.

సాయంకాలం_ఫిట్టర్

తీసేయను. ఇంకో సందేహం. ప్రింట్ చేశాక 10 మి.మీ. రంధ్రం కాలిపర్‌లో 9.7 చూపిస్తోంది, షాఫ్టు దూరడం లేదు. క్యాడ్‌లో సరిగ్గా 10 ఉంది. తప్పెక్కడ?

నట్టు_బోల్టు

క్యాడ్‌లో కాదు. ప్రింటర్‌లో నిలువు రంధ్రాలు కొంచెం బిగుతుగా రావడం మామూలే. 10ని ముట్టుకోకండి. స్ప్రెడ్‌షీట్‌లో "సందు" అని ఒక పేరు పెట్టి 0.3 రాసి, రంధ్రాన్ని షాఫ్టు ప్లస్ సందు అని ఇవ్వండి. ప్రింటర్ మారినా ఫిలమెంట్ మారినా ఆ ఒక్క గడి మారిస్తే చాలు.

లేత్_మామ

ప్లాస్టిక్‌లో గ్రబ్ స్క్రూకి ట్యాప్‌తో మర కోయకు, రెండుసార్లు బిగిస్తే మర చచ్చిపోతుంది. ఎం4 నట్టు కూర్చునే గుంట పెట్టు. నట్టు వెడల్పు 7 మి.మీ., అక్కడ కూడా సందు కలుపు.