ఆర్‌ఎస్‌ఐ 70 దాటినా డాలర్ దిగలేదు, ఎక్కడ పొరపాటు పడ్డాను?

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థలో లెక్కలు చూస్తాను. సరుకు ఓడెక్కాక డాలర్లు చేతికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఈలోపు రేటు ఎటు పోతుందో చెప్పమని మా షావుకారు రోజూ ప్రాణం తీస్తుంటారు. అందుకే డాలర్-రూపాయి ఫ్యూచర్స్ (రాబోయే నెలల డాలర్‌ను ఇప్పుడే ఒక రేటుకు కొని అమ్మే కాంట్రాక్టులు) చార్టు పెట్టుకుని 14 రోజుల ఆర్‌ఎస్‌ఐ చూడడం నేర్చుకున్నా. ధర ఎంత ఏకపక్షంగా పెరిగిందో 0 నుంచి 100 మధ్య చెప్పే అంకె అది. 70 దాటితే అతిగా పెరిగిందంటారు.

2024 డిసెంబర్ రెండో వారంలో అది 70 దాటి కూర్చుంది. డాలర్ బాగా ఉబ్బింది, ఇక దిగుతుందిలే అని జనవరి కాంట్రాక్టు 85.10 దగ్గర 40 లాట్లు (లాటుకు వెయ్యి డాలర్లు) అమ్మేశా. మాకు రావాల్సింది 20 వేల డాలర్లే. జనవరి మధ్యలో 86.60 దగ్గర తట్టుకోలేక తిరిగి కొని బయటపడ్డా. 60 వేలు పోయాయి. ఆర్‌ఎస్‌ఐతో పాటు ఇంకేదైనా ఇండికేటర్ చూడాలా?

రిటైర్డ్ బ్యాంకు ట్రెజరీ ఉద్యోగి:
ముందు ఆర్‌ఎస్‌ఐ ఏం కొలుస్తుందో ఒకసారి కాగితం మీద వేసి చూడండి బాబూ. 14 రోజుల్లో 11 రోజులు డాలర్ ఐదేసి పైసలు పెరిగింది, 3 రోజులు నాలుగేసి పైసలు తగ్గింది అనుకుందాం. పెరిగింది 55, తగ్గింది 12. మొత్తం కదలిక 67లో 55 అంటే నూటికి 82, అదే ఆర్‌ఎస్‌ఐ. డాలర్ నికరంగా కదిలిందేమో 43 పైసలు! మన రూపాయి పడేటప్పుడు రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్ముతూ దాన్ని మెల్లగా దించుతుంది. రోజూ కాస్త కాస్త, అదీ ఒకే వైపు. అలాంటి చోట ఆర్‌ఎస్‌ఐ 70 పైన వారాల తరబడి ఉండిపోతుంది. దాన్ని చూసి ఉబ్బింది అనుకోకూడదు.

ఇంకోటి. రావాల్సింది 20 వేలు, లాటుకు వెయ్యి చొప్పున మీరు అమ్మింది 40 వేలు. సగం హెడ్జింగ్ (రావాల్సిన డాలర్ల రేటుకు రక్షణ), సగం పందెం. ఆ సగం మీద పోయిన 30 వేలే అసలు నష్టం. మిగతా 30 వేలు మీ ఇన్వాయిసు మార్చుకున్నప్పుడు ఎక్కువ రేటు రూపంలో దాదాపు తిరిగొచ్చే ఉంటాయి. పైగా 2024 మే 3 నుంచి డాలర్లు రావడమో కట్టడమో నిజమైన లావాదేవీ ఏదీ లేకుండా రూపాయి కాంట్రాక్టుల్లో పొజిషన్ పెట్టకూడదు. 100 మిలియన్ డాలర్ల దాకా దానికి రుజువు కాగితాలు అడగరు, అంతే.

విశాఖ నుంచి:
నేను 20 రోజుల మూవింగ్ యావరేజ్ (గత 20 రోజుల సగటు ధర గీత) చూస్తా. అది పైకి వాలి ఉన్నంతకాలం అమ్మకం జోలికి పోను. అదీ ఒక్కోసారి ముంచుతుంది లెండి. 2025 ఫిబ్రవరి 10న రూపాయి 87.95 తాకింది. మర్నాడే రిజర్వు బ్యాంకు దిగడంతో డాలర్ 87 లోపలికి వచ్చేసింది. ముందురోజు సాయంత్రం దాకా నా చార్టు పైకే చూస్తోంది.

ఇంకొకరు:
టెలిగ్రామ్‌లో సిగ్నల్స్ ఇస్తాం, మా యాప్‌లో డబ్బు వేయండి అనే వాళ్లు మీకు ఈపాటికే మెసేజ్ పెట్టి ఉంటారు. అనుమతి లేని ఫారెక్స్ సైట్ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంది, చూసుకోండి.

అడిగినవారు:
పెట్టారండీ, ఇద్దరు. పెద్దాయనా, ఇన్వాయిసు సంగతి నాకు తట్టనే లేదు. షావుకారుకి 60 వేల సంగతే తెలుసు. సగం తిరిగొచ్చిందని రేపు పొద్దున్నే చెప్తా. మిగతా సగం సంగతి మాత్రం ఆయన భోంచేశాక.