గుమ్మడి గింజలు పైన మాడి, లోపల మెత్తగానే ఉంటున్నాయి. ఎలా వేయించాలి?

మొన్న తీపి గుమ్మడికాయ పులుసు పెట్టినప్పుడు గింజలు పారేయబుద్ధి కాలేదు. పీచు తీసి, కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టాను. మూకుడులో సన్న సెగ మీద పది నిమిషాలు వేయిస్తే కొన్ని చిటపటమని పేలాయి, తొక్క మీద నల్ల మచ్చలు పడ్డాయి. కొరికితే మాత్రం లోపల పప్పు ఇంకా మెత్తగా సాగుతోంది. ఉప్పూకారం చల్లితే గింజకు పట్టకుండా అంతా అడుగునే మిగిలిపోయింది.

ముందు ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి వేయిస్తే ఉప్పు లోపలిదాకా పడుతుందని మా పిన్ని అంటోంది. అలా చేసినవాళ్లు ఉన్నారా? తర్వాత ఎంతసేపు ఆరాలి? ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) అయితే 150 డిగ్రీలు సరిపోతాయా?

మా ఆరేళ్ల బాబుకు వీటి రుచి బాగా నచ్చింది. వాడు తొక్కతో సహా నమిలి తినొచ్చా, ఒలిచే పెట్టాలా? అదొక్కటే నాకు టెన్షన్. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.