12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌కి బ్రిడ్జ్ పెడితే డయోడ్లు కాలిపోతున్నాయి, సెంటర్ ట్యాప్ ఎక్కడ కలపాలి?

ప్రశ్న:
12-0-12, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్‌తో 12 వోల్ట్ల డీసీ సప్లై కడుతున్నాను. నాలుగు 1ఎన్4007 డయోడ్లతో బ్రిడ్జ్, 1000 మైక్రోఫారడ్ 25 వోల్ట్ల కెపాసిటర్, తర్వాత 7812 (12 వోల్ట్ల రెగ్యులేటర్ ఐసీ). సెకండరీ (అవుట్‌పుట్ వైండింగ్) చివరి వైర్లు రెండూ బ్రిడ్జ్ ఏసీ వైపు ఇచ్చి, సెంటర్ ట్యాప్‌ని (మధ్యలోని 0 వైరు) మైనస్‌కి కలిపాను. ఆన్ చేయగానే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది, రెండు డయోడ్లు పోయాయి. మారిస్తే మళ్లీ ఆ రెండు చోట్లే పోయాయి. లోడ్ అర ఆంపియర్.

జవాబు 1:
పోయిన రెండూ మైనస్ లైనుకి తగిలినవే అయ్యుంటాయి, చూడండి. సెంటర్ ట్యాప్ కూడా అదే మైనస్‌కి ఉంది కదా. ఏ చివర నెగటివ్ అయితే ఆ చివరి కింది డయోడ్ ఆన్ అయి, ఆ సగం వైండింగ్‌ని నేరుగా షార్ట్ చేస్తుంది. లోడ్ లేకపోయినా ఇదే జరుగుతుంది.

ఆ రెండింటినీ తీసేయండి, కొత్తవి పెట్టొద్దు. పై రెండు డయోడ్లు చాలు: గీత లేని కాళ్లు చెరో చివరికి, గీత ఉన్న కాళ్లు రెండూ కలిపి ప్లస్. సెంటర్ ట్యాపే మైనస్. పెట్టే ముందు ఆ రెండింటినీ మీటర్‌లో డయోడ్ మోడ్‌లో చూసుకోండి.

జవాబు 2:
పైన చెప్పింది సరైనదే, కానీ ఆ 1000 మైక్రోఫారడ్‌తో పని జరగదు. సగం వైండింగ్ 12 వోల్ట్ల పీక్ (గరిష్ఠ విలువ) 17, డయోడ్‌లో 0.7 పోతే 16.3. 50 హెర్ట్జ్ మెయిన్స్‌లో కెపాసిటర్ 10 మిల్లీసెకండ్లకోసారి నిండుతుంది. ఆ వ్యవధిలో అర ఆంపియర్ లాగితే రిపిల్ (వోల్టేజ్ హెచ్చుతగ్గు) దాదాపు 5 వోల్ట్లు, అంటే అడుగున 11.3. 7812కి ఇన్‌పుట్ కనీసం 14.5 ఉండాలి. మీటర్‌లో 12కి దగ్గరగానే కనిపిస్తుంది, ఈ సప్లై ఆంప్లిఫయర్‌కి ఇస్తే మాత్రం హమ్ వస్తుంది. 4700 పెడితే రిపిల్ 1 వోల్ట్‌కి తగ్గుతుంది. 35 వోల్ట్లది తీసుకోండి. లోడ్ లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ బాగా పెరుగుతుంది. 7812 రెండు వాట్ల దాకా వేడెక్కుతుంది, హీట్ సింక్ తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
సెంటర్ ట్యాప్ వదిలేసి బ్రిడ్జ్ అలాగే ఉంచితే?

జవాబు 1:
వద్దండీ. అప్పుడు చివర నుంచి చివరికి 24 వోల్ట్లు, దాని పీక్ 34, రెండు డయోడ్లు పోగా 32.5. 7812 ఇన్‌పుట్ హద్దు 35. లోడ్ లేనప్పుడు అది దాటొచ్చు. దాటకపోయినా అర ఆంపియర్‌కి దాదాపు 10 వాట్లు వేడిగా పోతాయి. సెంటర్ ట్యాప్‌తో బ్రిడ్జ్ వాడేది ప్లస్, మైనస్ 12 రెండూ కావాల్సినప్పుడు. అప్పుడు సెంటర్ ట్యాప్ సున్నా, బ్రిడ్జ్ మైనస్ లైను 7912కి (మైనస్ 12 వోల్ట్ల రెగ్యులేటర్) వెళ్తుంది. 7912 కాళ్ల వరుస వేరు, దాని లోహపు ట్యాబ్ ఇన్‌పుట్‌కి కలిసి ఉంటుంది. 7812తో ఒకే హీట్ సింక్‌కి మైకా (కరెంటు పారనివ్వని పలక) లేకుండా బిగిస్తే షార్టే.

జవాబు 3:
ఒక మాట. వైర్ రంగు చూసి సెంటర్ ట్యాప్ అనుకోవద్దు. ప్లగ్ తీసి ఓమ్స్‌లో కొలవండి: మిగతా రెంటికీ దాదాపు సమానంగా చూపించేదే సెంటర్ ట్యాప్, చివర నుంచి చివరికి అంతకు రెట్టింపు ఉంటుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ప్రైమరీకి (మెయిన్స్ వైపు వైండింగ్) సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. ఒకసారి మెరిసి మసకబారితే వైరింగ్ బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి, డయోడ్లు, కెపాసిటర్ తిరగబడ్డాయేమో చూడండి.