పాత ఎయిర్‌స్ట్రీమ్‌కి ఎంతకి ఇన్సూరెన్స్ రాయించాలి? మన చేతి కష్టం లెక్కలోకి వస్తుందా?

పొద్దెరగనివాడు | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నా దగ్గర 1973 ఎయిర్‌స్ట్రీమ్ ఓవర్‌ల్యాండర్ ఉంది, బండి వెనక తగిలించి లాగే అల్యూమినియం ఇల్లులాంటి ట్రైలర్, 27 అడుగులది. మూడేళ్ల కిందట ఒహాయోలో ఒక పెద్దాయన పెరట్లో గడ్డిలో మునిగి ఉంటే 9,000 డాలర్లకి కొన్నాను. కొన్న రోజే వెనక బంపర్ మీద నిలబడి ఊగి చూశాను. బంపర్ కిందికి పోయింది, ట్రైలర్ ఒళ్లు మాత్రం కదల్లేదు. షెల్, అంటే ఆ ఒళ్లు, వెనకవైపు కింది ఫ్రేమ్ నుంచి విడిపోయిందని తెలిసి కూడా కొన్నాను, తిట్టకండి.

షెల్ పైకెత్తి ఫ్రేమ్ వెల్డింగ్ చేయించాను. కుళ్లిన ప్లైవుడ్ ఫ్లోర్ మొత్తం పీకి కొత్తది వేశాను. యాక్సిళ్లలో రబ్బరు రాయిలా బిగుసుకుపోయింది, అవీ మార్చాను. వైరింగ్, గ్యాస్ లైన్లు కొత్తవి. గ్రే ట్యాంక్ (సింకు, స్నానం నీళ్లు పోయేది) అసలు లేదు, పెట్టాను. బిల్లులు ఉన్న ఖర్చు 24,000. బిల్లు లేనిది నా పని. పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం 1,100 గంటలు.

ఆర్‌వీలకి, అంటే ఇలాంటి ఇల్లు బళ్లకి, ఇన్సూరెన్స్ ఇచ్చే మామూలు కంపెనీ యాక్చువల్ క్యాష్ వేల్యూ పాలసీ ఇస్తానంటోంది. పాతబళ్లకే ఇచ్చే ఇంకో కంపెనీ అగ్రీడ్ వేల్యూ ఇస్తుందట, ఎంతకి రాయాలో చెప్పమంటోంది. 33,000 అనాలా? నా గంటకి 25 డాలర్లు వేసుకుంటే 60,500 అవుతుంది. ఏది న్యాయం? వచ్చే చలికాలం మూడు నెలలు ఆరిజోనా వైపు దాంట్లోనే తిరగాలని ప్లాన్.

లెక్కలమాస్టారు | శనివారం, రాత్రి 11:15

రెండూ కాదు. మీరెంత పెట్టారన్నది కంపెనీకి అనవసరం. అలాంటి ట్రైలర్ ఈరోజు బజార్లో ఎంతకి పోతుందన్నదే విలువ. నేను ఇప్పటిదాకా ఏడు బాగుచేసి అమ్మాను. ఒక్కదానికీ నా గంటల కూలి రాలేదు. రెండింటికి సామాను ఖర్చు కూడా రాలేదు.

మూడు మాటలు వేరువేరుగా పట్టుకోండి. యాక్చువల్ క్యాష్ వేల్యూ అంటే ప్రమాదం జరిగిన రోజు ధర, తరుగు తీసేసి. అగ్రీడ్ వేల్యూ అంటే ముందే ఇద్దరూ ఒప్పుకున్న అంకె, పూర్తిగా పోతే అదే ఇస్తారు. మధ్యలో స్టేటెడ్ అమౌంట్ అని ఒకటుంది, పేరు చూసి చాలామంది మోసపోతారు. మీరు చెప్పిన అంకె, ఆరోజు ధర, రెండిట్లో ఏది తక్కువైతే అది ఇస్తారు. ప్రీమియం మాత్రం మీరు చెప్పిన అంకె మీదే కడతారు.

పాతట్రైలర్లు తెలిసిన అప్రైజర్‌ని (విలువ కట్టేవాణ్ణి) పిలిచి రాయించండి. షెల్ ఎత్తినప్పుడు తీసిన ఫొటోలు ఉంటే అవే మీ ఆస్తి. ఇప్పుడు ఫ్లోర్ కింద ఏముందో ఎవరికి కనిపిస్తుంది?

టైరుమామ | శనివారం, రాత్రి 11:20

టైర్ల డేటు ఎంత?

రివెట్ల_రాయుడు | ఆదివారం, ఉదయం 6:05

ముందు ఒక ప్రశ్న. షెల్ దించాక బయట ప్యానెళ్లకి ఏ రివెట్లు వేశారు? బకింగ్ చేసిన (లోపల దిమ్మ ఆనించి కొట్టే) గట్టి రివెట్లా, బయటి నుంచే వేసే ఒలింపిక్ రివెట్లా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఈమధ్య ప్రతివాడూ ఒలింపిక్‌లు కొట్టి, పైన తల గీకి, "రిస్టోర్ చేశాం" అంటున్నాడు. అది రిపేరు, రిస్టోరేషన్ కాదు. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ పెట్టిన వాలీ బయామ్ ఈ బళ్లని విమానం ఒళ్లులా కట్టించాడు. 1936లో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌కి ఆ పేరు వచ్చింది కూడా పాన్ యామ్ ఎయిర్‌లైన్స్ వాళ్ల క్లిప్పర్ విమానాల నుంచే. చర్మమే బరువు మోస్తుంది. ఆ చర్మాన్ని పట్టుకునేది రివెట్. అది సరిగ్గా లేనప్పుడు 60,000 కాదు, ఆరు డాలర్లకి కూడా రాయకూడదు.

సరిగ్గా చేసి ఉంటే మాత్రం ప్రతి గంటా లెక్కలోకి రావాల్సిందే. షాపువాడు చేస్తే గంటకి వంద పైన తీసుకుంటాడు, దానికి బిల్లు ఉంటుంది కాబట్టి విలువ ఉందట. అదే పని ఇంటివాడు చేస్తే సున్నా అట. ఇదెక్కడి న్యాయం?

పొద్దెరగనివాడు | ఆదివారం, ఉదయం 9:30

రాయుడు గారూ, వెనక రెండు ప్యానెళ్లకి గట్టివే. ముందు కిటికీ దగ్గర ఓ ఇరవై దాకా ఒలింపిక్‌లు వేశాను, లోపలి స్కిన్ (లోపలి గోడ రేకు) తియ్యకుండా చేరడం కుదరలేదు.

రివెట్ల_రాయుడు | ఆదివారం, ఉదయం 9:42

ఇరవై!

లెక్కలమాస్టారు | ఆదివారం, ఉదయం 10:10

రాయుడు గారూ, బకింగ్ చెయ్యాలంటే బయట ఒకడు రివెట్ గన్‌తో కొట్టాలి, లోపల ఒకడు ఇనపదిమ్మ ఆనించి పట్టుకోవాలి. లోపలి స్కిన్ ఉండగా అది కుదరదు. ఒక్కడే చేసుకునేవాడు ఏం చెయ్యాలి? ఒలింపిక్ రివెట్ పుట్టిందే అందుకు. నీళ్లు కారకుండా సీలెంట్ పెట్టి వేస్తే దశాబ్దాలు ఉంటుంది. ఏ అప్రైజరూ ఇరవై రివెట్లకి ధర కొయ్యడు. ఫ్లోరు, ఫ్రేము, యాక్సిళ్లు, గ్యాసు చూస్తాడు.

మీరంతా రివెట్ల మీద పడి అసలుది వదిలేశారు. మూడు నెలలు దాంట్లోనే ఉంటానంటున్నాడు ఈయన. అగ్రీడ్ వేల్యూ ఇచ్చే పాతబళ్ల పాలసీలు చాలావరకు సరదా ప్రయాణాలకి. ఇల్లుగా వాడితే ఒప్పుకోరు. మూడు నెలలు ప్రయాణమా, కాపురమా? అది మనం తేల్చేది కాదు. కంపెనీకి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. ఫోన్లో అమ్మాయి "పర్లేదండీ" అన్న మాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

గడ్డిలోదొరికింది | ఆదివారం, ఉదయం 11:00

టైటిల్‌లో (బండి యాజమాన్య కాగితంలో) నంబరు, ట్రైలర్ మీద నంబరు ఒకటేనేమో చూసుకోండి. నాది 1965 షాస్టా ట్రైలర్. కాగితంలో ఒక అంకె తేడా. అది సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంకోటి, పదేళ్లు దాటిన బళ్లని రానివ్వని ఆర్‌వీ పార్కులు చాలా ఉన్నాయి. ముందే ఫొటో పంపితే పాతదాన్ని చూసి ముచ్చటపడి రానిస్తారు.

ఊరికేచూస్తా | ఆదివారం, మధ్యాహ్నం 12:15

కారు పాలసీ ఉందిగా, వెనక తగిలించాక దానికీ వర్తిస్తుంది. మళ్లీ వేరే ఎందుకు డబ్బు దండగ?

లెక్కలమాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

సగం నిజం. మీ ట్రైలర్ ఎవరికైనా తగిలితే ఆ బాధ్యత మామూలుగా లాగే బండి పాలసీకి వస్తుంది. మీ ట్రైలర్‌కే దెబ్బ తగిలితే మామూలుగా పైసా రాదు. ఇంటి ముందు ఆగి ఉండగా చెట్టు పడితే అసలే రాదు.

రివెట్ల_రాయుడు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

చెట్టు మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను.

నాది 1967 కారవెల్, ఎయిర్‌స్ట్రీమ్‌లోనే చిన్నది, 17 అడుగులది. ఆరేళ్లు పని చేశాను. గాలివానకి పక్కింటి ఓక్ చెట్టు దాని నడ్డి మీద పడింది. నాకున్నది మామూలు ఆర్‌వీ పాలసీ. 7,800 డాలర్ల చెక్కు వచ్చింది. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపిన అడ్జస్టర్ కుర్రాడు లోపలికి కూడా పోలేదు, ఏదో వెబ్‌సైట్ చూసి "ఇలాంటివి ఇంతే పోతున్నాయి సార్" అన్నాడు. తుప్పుపట్టి పొలంలో పడున్నదీ, నాదీ అతనికి ఒకటే.

ఆ పాలసీ తీసుకోమని ఎవరు చెప్పారు? ఇదే చోట, "మామూలుది చాలు రాయుడు గారూ, అదనంగా ఎందుకు కట్టడం" అని రాసింది ఎవరు? చెప్పండి మాస్టారూ.

లెక్కలమాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

నేనే. మీరు అడిగిన రోజున ఆ కారవెల్‌కి ఫ్లోరే లేదు. అల్యూమినియం డొక్క, కింద ఫ్రేము. దానికి అగ్రీడ్ వేల్యూ ఎవడిస్తాడు? ఆరోజుకి ఆ సలహా సరైనదే. పని జరిగేకొద్దీ పాలసీ మార్చుకోవాలి. యాక్సిల్ పడింది, ఫోన్ చెయ్యి. ఫ్లోర్ పడింది, ఫొటో పంపు. మీరు ఆరేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యలేదు.

రివెట్ల_రాయుడు | ఆదివారం, మధ్యాహ్నం 1:38

చెయ్యాలని నువ్వు చెప్పావా? బిల్లు లేని పనికి విలువ లేదని ఇప్పుడు పాఠాలు చెబుతున్నావు. నువ్వు అమ్ముకునేవాడివి. నీకు ట్రైలర్ అంటే సరుకు.

లెక్కలమాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:50

మీరు నుంచి నువ్వులోకి దిగారు, సంతోషం. అవును, నాకు సరుకే. అందుకే ప్రతి స్క్రూకీ రసీదు ఉంటుంది నా దగ్గర. మీ దగ్గర ఏముంది? మీరు ఏడ్చేది కంపెనీ మీద కాదు, రాసిపెట్టుకోని మీ బద్ధకం మీద.

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:00

ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి. ఇంకో వ్యక్తిగత మాట పడితే తాళం వేస్తాను.

సవతిపోరు | ఆదివారం, మధ్యాహ్నం 3:20

నేను ట్రైలర్ మనిషిని కాదు, ట్రైలర్ మనిషి భార్యని. మా గ్యారేజీలో 1962 నాటి సవతి ఉంది. పొద్దెరగని తమ్ముడూ, పొద్దున్నుంచి చదువుతున్నాను. ఆ 1,100 గంటల్లో ఇంట్లో వంట, పిల్లల క్లాసులు, వాళ్ల జ్వరాలు ఎవరు చూశారు? గంటకి 25 వేసేటట్టయితే ఆ చెక్కు ఎవరి పేరు మీద రావాలో ముందు మీ ఆవిడని అడుగు.

పొద్దెరగనివాడు | ఆదివారం, సాయంత్రం 4:05

అక్కా, చదివి వినిపించాను. "అక్క నంబరు ఇవ్వు" అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

తేమవాసన | ఆదివారం, సాయంత్రం 4:30

ఒక్క మాట. మెల్లగా నీరు కారి ఫ్లోరు కుళ్లితే మామూలుగా ఏ పాలసీ ఇవ్వదు, అరుగుదల కింద కొట్టేస్తారు. పైకప్పు, వెంట్లు, కిటికీల చుట్టూ ఏడాదికోసారి చూసుకోవడమే ఇన్సూరెన్స్. సిలికాన్ మాత్రం పుయ్యకండి, తర్వాత దాని మీద ఇంకేదీ అంటదు. బ్యాటరీలని ఛార్జ్ చేసే పాత యూనివోల్ట్ కన్వర్టర్ ఇంకా ఉంటే పీకెయ్యండి, బ్యాటరీలని ఉడికిస్తుంది.

రివెట్ల_రాయుడు | ఆదివారం, రాత్రి 8:50

మాస్టారు గారూ, మధ్యాహ్నం నోరు జారాను. బద్ధకం అన్నందుకు మాత్రం ఒప్పుకోను.

బకింగ్‌కి ఇద్దరు కావాలి అన్నారు. లోపల దిమ్మ పట్టుకున్నది మా వాడు. మొదలుపెట్టినప్పుడు వాడికి పన్నెండేళ్లు. చెవులకి మఫ్‌లు పెట్టుకుని, ప్రతి రివెట్‌కీ లోపల్నుంచి రెండుసార్లు తట్టేవాడు, సరిగ్గా కూర్చుందని. ఒకసారి తడితే మళ్లీ కొట్టాలని. పద్దెనిమిది రాగానే చదువుకని వెళ్లాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే రెండు నిమిషాలు, అంతే.

నేను ఆరోజు డబ్బు గురించి కంపెనీతో కొట్లాడలేదు. ఆ డొక్క నాకు వదిలెయ్యమని అడిగాను. సాల్వేజ్, అంటే మిగిలిన డొక్క, మాది, చెక్కు ఇచ్చి తీసుకెళతామన్నారు. ఫ్లాట్‌బెడ్ మీద వేసి తీసుకెళ్లారు.

లెక్కలమాస్టారు | ఆదివారం, రాత్రి 9:25

ఈ సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

సాల్వేజ్ మనమే ఉంచుకోవచ్చు రాయుడు గారూ, చాలాచోట్ల. దాని విలువ చెక్కులోంచి కోసుకుంటారు, టైటిల్ మీద ముద్ర పడొచ్చు. సంతకం పెట్టకముందే అడగాలి. మీరు అడిగారు, వాళ్లు కాదన్నారు. అక్కడ గట్టిగా పట్టుబట్టాల్సింది. నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అప్పటికి మీరు నాతో మాటలు మానేశారు, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

అయినా నా మాట మార్చుకోను. మీ అబ్బాయి తట్టిన తట్టుకి అప్రైజర్ ధర కట్టలేడు. కట్టించాలని చూస్తే మీకే నష్టం, ప్రీమియం పెరుగుతుంది తప్ప ఆ బండి తిరిగి రాదు.

రివెట్ల_రాయుడు | ఆదివారం, రాత్రి 9:40

నేనూ మార్చుకోను. ధర కట్టలేనిదాన్ని సున్నా అని రాయడం తప్పు. "కట్టలేము" అని రాయాలి.

పొద్దెరగనివాడు | మంగళవారం, రాత్రి 9:10

అప్డేట్. అప్రైజర్ వచ్చి వెళ్లాడు. షెల్ ఎత్తిన ఫొటోలు చూసి రెండు గంటలు కూర్చున్నాడు. 41,000 అని రాశాడు. గంటల పుస్తకం చూపిస్తే నవ్వి తిరిగి ఇచ్చాడు, కానీ వెల్డింగ్ తేదీలు దాంట్లోంచే రాసుకున్నాడు. ఆ అంకెకే అగ్రీడ్ వేల్యూ అడిగాను. మూడు నెలల సంగతి ఈమెయిల్ పెట్టాను, నాకు ఇల్లు వేరే ఉందని, ఆ ఇల్లే శాశ్వత నివాసమని రాయమన్నారు. సాల్వేజ్ ఉంచుకునే హక్కు గురించి కూడా అడిగాను, జవాబు రాలేదు.

రాయుడు గారూ, ముందు కిటికీ దగ్గర ఇరవై రివెట్లు ఎండాకాలంలో లోపలి స్కిన్ తీసి మారుస్తాను. మా అమ్మాయికి పదకొండేళ్లు, దిమ్మ పట్టుకుంటానంటోంది.

రివెట్ల_రాయుడు | మంగళవారం, రాత్రి 9:22

నా బకింగ్ బార్ (ఆ ఇనపదిమ్మ) ఉంది, పంపిస్తాను. తిరిగి పంపాలి. చెవులకి మంచి మఫ్‌లు కొనండి, చవకవి వద్దు.

టైరుమామ | మంగళవారం, రాత్రి 9:30

నాలుగు రోజుల నుంచి అడుగుతున్నాను. టైర్ల డేటు ఎంత?

పొద్దెరగనివాడు | మంగళవారం, రాత్రి 9:48

సారీ మామా, ఇప్పుడే లైటు పట్టుకుని వెళ్లి చూశాను. బండితో వచ్చినవే, ట్రెడ్ బాగానే ఉంది. చివరి నాలుగు అంకెలు 2313.

టైరుమామ | మంగళవారం, రాత్రి 9:50

అంటే 2013లో 23వ వారం. గ్యారేజీ దాటనివ్వకు.