బ్లాగులో పెట్టిన కథ పత్రికకు పనికిరాదా?

కొత్తకలం (బరంపురం)
అందరికీ నమస్కారం. ఒడియా నుంచి తెలుగులోకి అనువాదాలు డబ్బుకి చేద్దామని దిగుతున్నాను. సొంత కథలు ఏడున్నాయి. పని ఇచ్చేవాళ్ళు ముందు నమూనా చూపించమంటున్నారు. బ్లాగు తెరిచి కథలన్నీ అందులో పెట్టేయమంటారా, పత్రికలకి పంపి ఆగమంటారా?

సిల్కుసిటీ (బరంపురం)
ఇవాళే తెరిచేయండి. బ్లాగర్ అయితే పైసా ఖర్చు లేదు. ఒక్కటి మాత్రం మొదట్లోనే చూసుకోండి. శీర్షిక తెలుగులో పెడితే బ్లాగర్ దాన్ని లింకులోకి తీసుకోదు. blog-post అని తనకు తోచిన ముద్ర వేసేస్తుంది, ఏ కథకి ఏ లింకో తర్వాత మీకే తెలీదు. అందుకని ‘పబ్లిష్’ నొక్కకముందే పక్కనున్న, కథ లింకు పేరు మార్చుకునే పర్మలింక్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాయండి. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికని తీసుకుంటుంది కానీ ఒక్కో అక్షరాన్ని తొమ్మిది గుర్తులుగా మారుస్తుంది, మొత్తం 200 గుర్తులు దాటనివ్వదు. గుణింతాలూ పొల్లులూ కూడా లెక్కలోకే వస్తాయి కాబట్టి తెలుగులో 22 అక్షర గుర్తుల దగ్గరే లింకు తెగిపోతుంది. అక్కడా ఇంగ్లీషు అక్షరాలే మేలు.

పాత కథలు పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో కొట్టినవైతే నేరుగా అతికించకండి, పిచ్చిగీతలు వస్తాయి. ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ పొల్లులూ ఒక్కో వాక్యం చదివి సరిచూసుకోవాలి.

అనువాదం నమూనా ఒక్కోటి మూడు నాలుగు వందల మాటలు చాలు. పైన ఒడియా పేరా, కింద మీ తెలుగు. బతికున్న రచయితది అనుమతి లేకుండా పెట్టొద్దు. ఫకీర్‌మోహన్ సేనాపతి 1918లో పోయారు. మన చట్టంలో హక్కులు రచయిత తర్వాత 60 ఏళ్ళే. ఆయన రచన తీసుకుంటే ఎవరూ అడగరు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
నమూనాల వరకు బాగానే ఉంది. కథలు మాత్రం పెట్టకు బాబూ. పత్రికవాళ్ళు కథతో పాటు హామీపత్రం అడుగుతారు. ‘ఇది నా సొంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు’ అని. బ్లాగులు, ఫేస్‌బుక్ కూడా అందులోకే వస్తాయని ఇప్పుడు విడిగా రాయిస్తున్నారు. ఏడూ పెట్టేస్తే ఏడూ పోయినట్టే.

సిల్కుసిటీ
మాస్టారూ, నలభైమంది చూసిన బ్లాగు ప్రచురణ ఎలా అవుతుందండీ?

మహేంద్రతనయ
నలభయ్యా, నాలుగా అన్నది లెక్కలోకి రాదు. 1957 కాపీరైటు చట్టం 3వ సెక్షన్ చూడు. ప్రజలకు అందుబాటులో పెడితే ప్రచురణే.

సిల్కుసిటీ
అది చట్టం కోసం చెప్పిన అర్థం. పత్రిక పెట్టుకున్న షరతు వేరు. రెండూ కలపకండి.

మహేంద్రతనయ
షరతు ఇంకా గట్టిది కదా! నువ్వే నా మాట ఒప్పుకుంటున్నావు.

గుణుపురం రైలు
పత్రికకి పంపేముందు బ్లాగులోంచి తీసేస్తే సరిపోతుంది కదండీ?

మహేంద్రతనయ
సరిపోదు. కథ మధ్యలోంచి ఒక వాక్యం తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతారు. నువ్వు తీసేసినా, పాత వెబ్ పేజీలను భద్రపరిచే సైట్లలో నకలు ఉండిపోవచ్చు. సంతకం పెట్టిన హామీ అబద్ధమైతే ఆ కథతో పోదు, ఆ పత్రికలో నీ పేరే పోతుంది.

రాయగడ జంక్షన్
ఇవన్నీ సరే, ప్రకటనల డబ్బులు వస్తాయా?

సిల్కుసిటీ
దాని మీద ఆశ పెట్టుకోవద్దు. గూగుల్ ప్రకటనలిచ్చే యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకి ఇస్తుంది గానీ 100 డాలర్లు చేరేదాకా చేతికేమీ రాదు. 10 డాలర్లకి చిరునామా సరిచూడ్డానికి ఇంటికి పోస్టులో ఒక పిన్ నంబరు వస్తుంది. డోరు నంబరు, సాహి (వీధి) పేరు, పిన్‌కోడు సరిగ్గా లేకపోతే ఆ కవరు రాదు, డబ్బు అక్కడే ఆగుతుంది. బ్లాగు డబ్బు తేదు, పని తెస్తుంది. అందుకే నమూనాల పక్కన ఇంకో పేజీ పెట్టి, మాటకి ఎంత తీసుకుంటారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో, దిద్దుబాట్లు ఎన్నిసార్లు ఉచితమో రాసేయండి. దిద్దుబాట్ల లెక్క రాయకపోతే మూడోసారి నుంచి గొడవే.

మహేంద్రతనయ
అది ఒప్పుకుంటాను. కథల సంగతి మాత్రం మారదు.

సిల్కుసిటీ
పత్రికలకి పంపితే ఏమవుతుందో కూడా చెప్పండి మరి. ఆరు నెలలు జవాబు ఉండదు. వేసుకున్నా డబ్బు ఎప్పుడో తెలీదు. హక్కులన్నీ వాళ్ళకేనని ఒక కాగితం పంపుతారు.

మహేంద్రతనయ
కాగితం చదువుకోవాలి. హక్కు బదిలీ రాతపూర్వకంగా లేకపోతే చెల్లదు. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళే. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. 19వ సెక్షన్. నువ్వు ‘ఒకసారి ముద్రణకు మాత్రమే’ అని రాసి పంపు, తప్పేముంది?

సిల్కుసిటీ
రాసి పంపాను మాస్టారూ. వేసుకున్నారు. వేసుకుని ‘సొజ పొఖాళొ’ తీసేసి ‘చద్దన్నం’ చేశారు. కథలో ఆ ఇంట్లో మధ్యాహ్నం వండిన అన్నంలోనే నీళ్ళు పోసుకుంటారు, అదీ సొజ. రాత్రిది పొద్దున తింటే బాసి. చద్దన్నం అనేసరికి వాళ్ళు మిగిలింది తిన్నట్టయింది. కథ మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది! ‘మా పాఠకులకు అర్థం కాదు’ అన్నారు.

గుణుపురం రైలు
అబ్బా, ఇప్పుడు బయటికొచ్చింది అసలు కోపం.

మహేంద్రతనయ
ఒక్క మాట మార్చినందుకా ఇంత? సంపాదకుడికి ఆ అధికారం ఉంటుంది. కింద అర్థం ఇచ్చి ఉండాల్సింది నువ్వు.

సిల్కుసిటీ
మీరు పర్లాకిమిడి నుంచి ఈ మాట అంటున్నారా? గిడుగువారు ఆ ఊళ్ళో కూర్చునే కదా, జనం మాట్లాడేదే రాయాలని పోరాడింది! మనింట్లో తెలుగు గోదావరి తెలుగు కాదు, సాహి, పొఖాళొ అన్నీ కలిసే ఉంటుంది. దాన్ని దిద్దుకుంటే మనం ఎవరికి రాస్తున్నట్టు?

మహేంద్రతనయ
గిడుగువారిని నా మీద ప్రయోగించకు. ఆయన 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరిందని ఊరే వదిలేసి రాజమండ్రి వెళ్ళారు. తెలుగు ఇక్కడ నిలవదన్న బెంగ అది. నా బెంగా అదే. నీ బ్లాగు నువ్వు లాగిన్ అయినన్నాళ్ళే. పత్రికలో వస్తే అవతల విజయనగరంలో, విశాఖలో ఏదో లైబ్రరీలో ఉంటుంది. మనం ఇక్కడ తెలుగు రాశామనడానికి ఆధారం అది. నీకు నీ మాట ముఖ్యం, నాకు మనం ఉన్నామన్న సాక్ష్యం ముఖ్యం.

సిల్కుసిటీ
మన మాట లేని సాక్ష్యం ఎవరిదండీ? ఇంకోటి. మన పిల్లలు ఒడియా మీడియం, ఇంగ్లీషు మీడియం. తెలుగు వింటారు, మాట్లాడతారు, అక్షరం చదవలేరు. లైబ్రరీలో పత్రిక ఉండి వాళ్ళకేం లాభం? బ్లాగులో కథ పైన ఆడియో పెట్టొచ్చు. ఫోన్లో, దుప్పటి కప్పుకుని, ఫ్యాన్ ఆపి చదివితే చాలు. పది నిమిషాల కథ ఎంపీ3లో 64 కేబీపీఎస్ దగ్గర ఐదు ఎంబీ కూడా కాదు. బ్లాగర్ ఆడియోని నేరుగా ఎక్కించుకోదు, వేరేచోట పెట్టి కోడు అతికించాలి.

మహేంద్రతనయ
ఆడియో మాట నాకు తట్టలేదు. అది మంచిదే.
కానీ బాబూ కొత్తకలం, ఆడియో పెట్టినా ప్రచురణే. హామీపత్రం గుర్తుంచుకో.

జైపూర్ అక్క
మీ ఇద్దరి మధ్య ఆ అబ్బాయి ఏమైపోయాడో! బాబూ, రెండు కుప్పలు చెయ్యి. సాహి మాటలున్నవి, పత్రిక దిద్దితే చచ్చిపోయేవి బ్లాగుకి. మిగతావి పత్రికలకి. బ్లాగులో పెట్టినవి సెట్టింగ్స్‌లోంచి నెలకోసారి బ్యాకప్ దించుకో. ఫోటోలు విడిగా కూడా దాచుకో.

కొత్తకలం
అక్కా, ఉన్నానండీ. నాలుగు పత్రికలకి, మూడు బ్లాగుకి విడదీశాను. మొదటి దానికి పర్మలింక్ రాయబోతే అనుమానం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో పొఖాళొ అని పలికినట్టు రాయాలా, ఒడియావాళ్ళు రాసేట్టు పఖాళ అనా? వెతికేవాళ్ళు ఏది కొడతారు?

సిల్కుసిటీ
పలికినట్టే.

మహేంద్రతనయ
పఖాళ. ఒడియా లిపిలో ఉన్నది అదే.